బిడ్డకు ఏ పేరు పెట్టుదము?

పఠన భాగములు: లూకా 1:57–66, దానియేలు 1:1–8, రోమా 16:1–16
కంఠస్థము చేయవలసిన వచనము: సామెతలు 22:1



బిడ్డ పుట్టినదని కబురు వచ్చిన యింట మొదటి ప్రశ్న, తల్లీ బిడ్డా క్షేమమేనా అని. రెండవ ప్రశ్న, ఏమి పేరు పెట్టుచున్నారని. మొదటి ప్రశ్నకు దేవుని స్తుతించుచు జవాబు చెప్పుదుము. రెండవదానికి జవాబు చెప్పుటకు ముందు అత్తవారివైపు ఒక మాట, పుట్టింటివైపు ఒక మాట, పొరుగువారివైపు ఒక మాట బయలుదేరును. ఈ దినములలో సినిమా ఒక మాట చెప్పుచున్నది, సెల్ ఫోను ఇంకొక మాట చెప్పుచున్నది. చాట్రాయి, చనుబండ, సోమవరము మొదలైన మన గ్రామముల సంఘపు రిజిస్టర్లు తెరచి చూచినచో తాతలకు ఒక తీరు పేర్లు, తండ్రులకు మరియొక తీరు, మనుమలకు వేరొక తీరు కనబడును. ఈ మార్పు ఎక్కడనుండి వచ్చినది? ఇందులో విశ్వాసికి దోషమేమైనను కలదా? లేఖనము దీనిని గూర్చి ఏమి నేర్పుచున్నది? ఈ నెల పాఠములో వీటిని ఆలోచింతము.

1. ఎలీసబెతు యింట జరిగినది

యోహాను పుట్టిన ఎనిమిదవ దినమున ఇరుగుపొరుగువారును బంధువులును కూడివచ్చి, తండ్రి పేరునుబట్టి బిడ్డకు జెకర్యా అను పేరు పెట్టబోయిరి. తల్లి ఒప్పుకొనక, వానికి యోహాను అను పేరు పెట్టవలెనని చెప్పెను. అందుకు వారు, మీ బంధువులలో ఆ పేరుగలవాడెవడును లేడే అని ఆక్షేపించిరి. మూగవాడైయున్న తండ్రిని సైగలచేత అడిగిరి. అతడు పలక తెప్పించుకొని, వాని పేరు యోహాను అని వ్రాసెను. వెంటనే అతని నాలుక సడలెను.

ఈ కథ మన యిండ్లలో జరిగినట్లే యున్నది. మొదటి కుమారునికి తండ్రి తండ్రి పేరు, మొదటి కుమార్తెకు నాయనమ్మ పేరు పెట్టు వాడుక మన ప్రాంతములో నేటికిని పోలేదు. ఆ వాడుక చెడ్డది కాదు. అది పెద్దలను సన్మానించుటయే. జెకర్యా అను పేరునందును దోషము లేదు, ప్రభువు జ్ఞాపకము చేసికొనెనని దాని అర్థము. అయితే ఆ బిడ్డను గూర్చి దేవునికి ఒక ఉద్దేశము కలదు. యోహాను అనగా ప్రభువు దయచూపెను అని అర్థము. బంధువులు వెనుకకు చూచి పేరు పెట్టబోయిరి. తలిదండ్రులైతే దేవునివైపు చూచి పేరు పెట్టిరి. ఎవరివైపు చూచి పేరు పెట్టుచున్నాము? ఈ ప్రశ్నయే మన పాఠమంతటికి మూలము.

2. మన పెద్దలకు పేరు ఎంత విలువైనదో

మన పిల్లలకు తెలియని సంగతి ఒకటి కలదు. ఒకప్పుడు పేద యిండ్లలో వరుసగా బిడ్డలు చనిపోయినయెడల, తరువాత పుట్టిన బిడ్డకు పెంటయ్య, పెంటమ్మ, బిచ్చమ్మ, పిచ్చయ్య అని హీనమైన పేరు పెట్టెడివారు. ఆ పేరు విని మృత్యువు అసహ్యించుకొని పోవునని వారి తలంపు. అది భయమునుండి పుట్టిన పేరు, బిడ్డపై ప్రేమనుండి పుట్టిన భయము. దానిని చూచి మనము నవ్వరాదు. రాహేలు ప్రసవవేదనలో ప్రాణము విడుచుచు తన బిడ్డకు బెనోని, అనగా దుఃఖపుత్రుడని పేరు పెట్టినది. యాకోబు ఆ పేరును నిలువనీయక, బెన్యామీను అని మార్చెను (ఆది. 35:18). తల్లి కన్నీరు బిడ్డ నెత్తిమీద జీవితకాలము ఉండరాదని ఆ తండ్రి ఎరిగినవాడు.

అంతకన్న కఠినమైనది మరియొకటి. తలిదండ్రులు వెంకయ్య అని పెట్టుకొన్న పేరును ఆసాములు వెంకడు అని విరిచి పిలిచెడివారు. ముసలివాడైనను, అతని మనుమని యీడువాడు వచ్చి ఒరే అని పిలిచిన, చేతులు కట్టుకొని నిలువవలసినదే. అట్టి కాలములో సువార్త ఈ ప్రాంతమునకు వచ్చినది. 1841లో హెన్రీ ఫాక్సు, రాబర్టు నోబులు దొరలు బందరు చేరి చర్చి మిషనరీ సొసైటీవారి తెలుగు మిషనును ఆరంభించిరి. 1842లో హేయరు దొర గుంటూరు చేరెను. తరువాతి తరములో మన గూడెములలో రత్నము, మాణిక్యము, ప్రకాశము, కిరీటము, ఆశీర్వాదము, సంపూర్ణమ్మ, కృపమ్మ, దయామణి, సువార్తమ్మ అను పేర్లు విస్తరించెను. ఊరివారు చెత్తవలె చూచిన బిడ్డకు తండ్రి రత్నమని పేరు పెట్టినాడు. చేతిలో చిల్లిగవ్వ లేని తల్లి కూతురికి సంపూర్ణమ్మ అని పేరు పెట్టినది. ఆ పేర్లు ఈనాటి పిల్లలకు పాతగా తోచవచ్చును గాని, అవి ఒక్కొక్కటి ఒక్కొక్క విశ్వాస ప్రమాణము. నేను నిన్ను పేరుపెట్టి పిలిచితిని, నీవు నా సొత్తు అని ప్రభువు యెషయా 43:1లో సెలవిచ్చిన భావమును వారు తమ బిడ్డలమీద వ్రాసికొనిరి.

3. గాలి వీచిన వైపునకు పేర్లు

పేర్లకును రుతువులు కలవు. అయ్య, అమ్మ అను చివరలు పోయి రావు, బాబు, కుమార్, రాణి, కుమారి అను చివరలు వచ్చినవి. స్వరాజ్యోద్యమ కాలమునుండి గాంధీ, నెహ్రూ, బోసు అను పేర్లు ఊరూర వెలసినవి. కమ్యూనిస్టు ఉద్యమము బలముగా నున్న కృష్ణా తీరమున లెనిన్, స్టాలిన్ అను పేర్లును పెట్టుకొనిరి. విజయవాడలో విలువిద్య నేర్పి 2010లో రోడ్డు ప్రమాదములో మరణించిన చెరుకూరి లెనిన్ పేరు పలువురు ఎరుగుదురు. పుణ్యక్షేత్రములనుబట్టి పెనుగంచిప్రోలు ప్రాంతములో తిరుపతమ్మ, గోపయ్య అనియు, దర్గాలనుబట్టి హిందువులలో సహితము మస్తానమ్మ, సైదులు అనియు పేర్లు కలవు. గుణదల కొండకు పోవు కథోలిక సహోదరులలో లూర్దయ్య, లూర్దుమేరి అను పేర్లు వినబడును.

సినిమా చేయు పని ఇంకను బలమైనది. ఒక్క ఉదాహరణము చూడుడి. దేవదాసు అనగా దేవుని సేవకుడు. మన క్రైస్తవ కుటుంబములలో అది గౌరవమైన పేరు. 1938లో బైబిలు మిషనును స్థాపించిన ముంగమూరి దేవదాసు అయ్యగారు ఆ పేరుగలవారే. శరత్ చంద్రుడు 1917లో ప్రచురించిన బెంగాలీ నవల 1953లో అక్కినేని నాగేశ్వరరావు నటించిన తెలుగు చిత్రముగా వచ్చినది. అది మొదలుకొని ఊరిలో గడ్డము పెంచి, తాగి తిరుగు యువకుని దేవదాసు అని ఎగతాళి చేయుట వాడుకయైనది. ఒక్క కథ ఒక మంచి మాటకు వేరు అర్థము తగిలించినది. అయితే ప్రార్థనాపరుల యిండ్లలో దేవదాసు అయ్యగారి పేరు చెప్పిన ఎవరును నవ్వరు. ఏలయనగా ఆ పేరును సినిమాకంటె బలముగా ఒక జీవితము నింపినది. పేరునకు అర్థము నిఘంటువులో కొంత, లోకము నోట కొంత ఉండును గాని, దానిని మోయువాని నడతలోనే ముఖ్యముగా ఉండును.

ఇంకొకటి. 2010లో వచ్చిన ఏ మాయ చేశావే అను చిత్రములో నాయిక జెస్సీ అను క్రైస్తవ యువతి. మనవారిలోను ఆడపిల్లలకు జెస్సీ అని పేరు పెట్టువారు కలరు, అది బైబిలు పేరని చెప్పుకొనువారును కలరు. బైబిలులో ఇంగ్లీషువారు జెస్సీ అని పలుకు పేరు దావీదు తండ్రియైన యెష్షయిది. ఆయన బేత్లెహేము పెద్దమనిషి! ఆడపిల్లకు ఆ పేరు పెట్టుట తప్పని చెప్పుట లేదు. ఇంగ్లీషు దేశములలో ఆడవారికి జెస్సీ అను పేరు వేరే కలదు. తెలిసి పెట్టిన మంచిదని మాత్రమే చెప్పుచున్నాము.

అట్లే మన పాత బైబిలు పలుకులును మారుచున్నవి. యోహాను జాన్ ఆయెను, పేతురు పీటర్ ఆయెను, మోషే మోజెస్ ఆయెను. యెహోషువ అను పేరే జాషువాగా మారి, వినుకొండలో 1895లో పుట్టిన కవి గుఱ్ఱము జాషువాగారి మూలముగా తెలుగు సాహిత్యములో నిలిచినది. మన రక్షకుని నామమైన యేసు అనునదియు ఆ పేరునకే మరియొక రూపము. పలుకు మారినంతమాత్రమున నష్టము లేదు గాని, తన పేరుగలవాని కథ బైబిలులో ఎక్కడనున్నదో బిడ్డకు తెలియకపోవుట నష్టము.

4. హెబ్రీ పేరు పెట్టనివాడు విశ్వాసి కాడా?

కొందరు, బైబిలు పేరు లేనివాడు మారుమనస్సు పొందనివాడని తీర్పు తీర్చుదురు. వారు రోమా 16వ అధ్యాయమును నెమ్మదిగా చదువవలెను. సంఘ పరిచారకురాలైన ఫీబే పేరు గ్రీకుల చంద్రదేవతకు గల బిరుదు. హెర్మే, నేరియ అనునవి గ్రీకు దేవతల పేర్లు. ఫిలిప్పీ సంఘము పంపిన ఎపఫ్రొదితు పేరులో అఫ్రొదితే అను దేవత యున్నది. అపొల్లో పేరు అపొల్లో దేవతనుండి వచ్చినది. యూదుల ప్రాణములు కాపాడిన మొర్దెకై పేరు బబులోను దేవతయైన మెరోదకునుండి వచ్చినదని పండితులు చెప్పుదురు. అపొస్తలుడు వీరిలో ఎవనినైనను, ముందు పేరు మార్చుకొనుమని అడుగలేదు. ప్రభువునందు వందనములు చెప్పెను.

మన తెలుగు సంఘ చరిత్రయు ఇట్లే యున్నది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో అనేక కీర్తనలు రచించిన పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) 1833లో బాప్తిస్మము పొందినను తన పేరు మార్చుకొనలేదు. 1852లో బందరులో నోబులు దొర శిష్యులలో మొదట బాప్తిస్మము పొందినవారు అయినాల భూషణము, మంచాల రత్నము అను పాత పేర్లతోనే సేవచేసిరి. కృష్ణా మండలములోని రాఘవాపురమున 1859లో విశ్వాసియై అనేకులను ప్రభువునొద్దకు నడిపిన పగోలు వెంకయ్య, వెంకయ్యగానే యుండెను. పరలోకమందు ఆ పేరు కొట్టివేయబడినదని ఎవడు చెప్పగలడు?

కథోలిక సహోదరులు కొందరు పేతురును రాయప్ప అనియు, పౌలును చిన్నప్ప అనియు పిలుచుదురు. కేఫా అనగా రాయి, పౌలు అనగా చిన్నవాడు. ఇది అర్థమును మన భాషలోనికి తెచ్చిన పని. కృపమ్మ అను తెలుగు పేరు గ్రేస్ అను ఇంగ్లీషు పేరుకంటె తక్కువ క్రైస్తవమైనది కాదు. దేవుడు తెలుగులోను వినును.

5. ఒకే బిడ్డకు రెండు పేర్లు

ఇప్పుడు మనము మెల్లగా మాటలాడుకొను సంగతికి వచ్చితిమి. మన సంఘములలో అనేకులకు గుడిలో ఒక పేరు, బడిలో ఒక పేరు. దీనికి కారణము పిల్లలు కారు. 1950లో వచ్చిన షెడ్యూల్డు కులముల ఉత్తరువు ఆ హోదాను హిందువులకు మాత్రమే యిచ్చినది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిరి గాని క్రైస్తవులను చేర్చలేదు. దళిత కుటుంబమునుండి క్రైస్తవుడైనవానిని మన రాష్ట్రములో వెనుకబడిన తరగతుల సి విభాగములో చేర్చి, నూటికి 1 వంతు మాత్రము కేటాయించిరి. ఆరాధన మారినను గూడెము మారలేదు, కూలి మారలేదు, అవమానము మారలేదు. అందుచేత అనేకులు బిడ్డ చదువు కొరకు రిజిస్టరులో వేరొక పేరు వ్రాయించిరి. కడుపుకాలి చేసిన తల్లిదండ్రులమీద రాయి వేయుటకు మనము ముందుకు రాకూడదు. ఈ భేదమును తీసివేయుడని సంఘములు ప్రభుత్వమును అడుగుచునే యున్నవి, అడుగవలెను కూడ.

అయినను బిడ్డ సంగతి ఆలోచించుడి. ఎవరైనను నీ పేరేమి అని అడిగినప్పుడు, ఈయనకు ఏ పేరు చెప్పవలెనో అని ఆరేండ్ల బిడ్డ తల్లి ముఖము చూచినయెడల, ఆ బిడ్డ ఏమి నేర్చుకొనినట్టు? తన విశ్వాసము దాచవలసిన వస్తువని నేర్చుకొనును.

దానియేలు స్నేహితులకును రెండు పేర్లు కలవు. రాజు నగరులో అజర్యాను అబేద్నెగో అని పిలిచిరి. అతడు ఆ పేరునకు పలికెను, ఆ రాజు చదువు చదివెను, ఆ రాజు కొలువు చేసెను. కాని ప్రతిమకు మ్రొక్కుమనగా మ్రొక్కలేదు. పేరు మార్చగలిగిన రాజు మోకాలు వంచలేకపోయెను. అజర్యా అనగా ప్రభువు సహాయము చేసెను అని అర్థము, అగ్నిగుండములో ఆ అర్థమే నిజమాయెను. ఆ పేరే మన తెలుగుదేశమునకు మరల వచ్చినది. 1912లో దోర్నకల్లుకు మొదటి బిషపుగా, ఆంగ్లికను సంఘములో మొదటి భారతీయ బిషపుగా అభిషేకము పొందిన వేదనాయకము సామ్యేలు అజరయ్యగారిని మన పెద్దలు మరువలేదు.

కాబట్టి ఇప్పటికే రెండు పేర్లు ఉన్నవారు దిగులుపడవలదు. ఏ పేరుతో పిలిచినను ఒక్క మనిషిగా ఉండుడి. కొత్తగా బిడ్డలను కన్నవారైతే ఒక సంగతి గ్రహించుడి. ఆ ఉత్తరువు అడుగునది ఒకడు అవలంబించు మతమును గాని వాని పేరును కాదు. రెండవ పేరు ఆ ప్రశ్నకు జవాబు కాజాలదు. బిడ్డకు భారమును మాత్రము పెంచును.

6. చీటీయు ఫలమును

మన నూజివీడు ప్రాంతపువారికి ఒక మాట చాలును. అంటు మొక్క కొనునప్పుడు నర్సరీవారు చీటీ కట్టి యిత్తురు: చిన్న రసము, పెద్ద రసము, బంగినపల్లి. రైతు ఆ చీటీని నమ్మి గొయ్యి తీసి నాటి, నీరు పోసి, కొన్ని యేండ్లు కనిపెట్టును. కాపు వచ్చిన దినమున గాని ఆ చీటీ నిజమైనదో అబద్ధమైనదో తెలియదు. పుల్లని కాయలు కాచినప్పుడు చీటీ చూపించి పండ్లను అమ్మగలమా? మరియు ఒకే కాయను ఇక్కడ కలెక్టరు అందురు, మరియొకచోట తోతాపురి అందురు. పేరు రెండైనను రుచి ఒక్కటే. బంగినపల్లి తన ఊరైన బనగానపల్లెను విడిచి మన తోటలకు వచ్చినను, తన రుచిచేతనే తన ఊరి పేరు నిలిపినది. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు దొరికినది.

ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు అని మన సామెత. దావీదు అని పేరు పెట్టి పేకాటకు పంపిన లాభమేమి? శాంతమ్మ అని పేరు పెట్టి ఆమె యెదుటనే దినదినము కొట్లాడిన లాభమేమి? చీటీ కట్టుట ఒక దినము పని. నీరు పోయుట ఇరువది యేండ్ల పని. ఒనేసిము అనగా ప్రయోజనకరమైనవాడు. ఆ పేరుతోనే అతడు చాలకాలము నిష్‌ప్రయోజకుడుగా నుండెను. క్రీస్తునందు పౌలు చేతిలో పడిన తరువాతనే అతని పేరు నిజమాయెను (ఫిలేమోను 10, 11).

పేరు పెట్టు తలిదండ్రులకు కొన్ని సూచనలు

(1) ముందుగా ప్రార్థించి, అర్థము తెలిసికొని పేరు పెట్టుడి. ఫోనులో కనబడిన అర్థమును సంఘకాపరినడిగి సరిచూచుకొనుడి.

(2) ఇంటిలో నాయనమ్మ పలుకగల పేరు పెట్టుడి. ఆమెకు నోరు తిరుగని పేరు పెట్టినయెడల ఆ బిడ్డ జీవితాంతము బుజ్జి, చిన్నోడు అనియే పిలువబడును.

(3) జన్మనక్షత్రపు అక్షరములను, అంకెల శాస్త్రమును ఆశ్రయించి, ఒక అక్షరము పెంచిన అదృష్టము వచ్చునని భయపడవలదు. మన కాలగతులు ప్రభువు చేతిలో నున్నవి.

(4) నటుని పేరు పెట్టుట పాపమని చెప్పము. అయితే నటుల కీర్తి అంగడిలో వెలవలె ఎక్కును, దిగును. బిడ్డ పెద్దవాడైనప్పుడు, ఈ పేరు నాకెందుకు పెట్టితిరని అడిగిన, సిగ్గులేకుండ చెప్పదగిన కారణము మీయొద్ద ఉండవలెను.

(5) బాప్తిస్మపు లేక సమర్పణ రిజిస్టరులోను, జనన ధ్రువపత్రములోను, బడిలోను ఒక్క పేరే, ఒక్క తీరున వ్రాయించుడి. జననమును 21 దినములలో నమోదు చేయించవలెను. అప్పటికి పేరు కుదరకపోయినను నమోదు ఆపవలదు. 12 నెలలలోగా రుసుము లేకుండ పేరు చేర్పించవచ్చును. తరువాత 15 సంవత్సరములవరకు ఆలస్య రుసుముతో చేర్పించవచ్చును. 2023 అక్టోబరు 1వ తేదీనుండి పుట్టిన బిడ్డలకు బడి ప్రవేశము మొదలైనవాటికి పుట్టిన తేదీని, స్థలమును చూపు ఆధారము ఈ పత్రమే.

(6) బిడ్డకు చదువను వచ్చినప్పుడు, వాని పేరు కథ వానికి చెప్పుడి. బైబిలు పేరైనచో ఆ అధ్యాయము చదివించుడి. తాత పేరైనచో ఆ తాత విశ్వాసమును, కష్టమును వివరించుడి.

చర్చించుటకు ప్రశ్నలు

1. ఎలీసబెతు బంధువులు యోహాను అను పేరును ఎందుకు ఆక్షేపించిరి? మన యిండ్లలో అట్టి ఒత్తిడి ఎట్లు వచ్చుచున్నది?
2. రోమా 16లోని పేర్లవలన మనము ఎవరిని గూర్చి తీర్పు తీర్చకుండ జాగ్రత్తపడవలెను?
3. దానియేలు స్నేహితులు దేనిని అంగీకరించిరి? దేనిని నిరాకరించిరి?
4. మీ తాత, అవ్వల పేర్లకు అర్థమేమి? ఆ పేర్లు వారికి ఎట్లు వచ్చినవి? యింటిలో పెద్దలనడిగి వచ్చే కూటములో చెప్పుడి.

ప్రార్థన

పరలోకపు తండ్రీ, నక్షత్రములకు పేరుపెట్టి పిలుచు నీవు, మా గూడెములలోని బిడ్డలను కూడ పేరు పేరున ఎరిగియున్నావు. మా పెద్దలను హీనమైన పిలుపులనుండి లేవనెత్తి నీ పిల్లలని పిలిచిన కృపకై స్తోత్రములు. మేము పెట్టు పేర్లు లోకపు గాలికి కొట్టుకొనిపోవునవి కాక, నీయందలి నిరీక్షణతో పెట్టినవై యుండునట్లు జ్ఞానమిమ్ము. రెండు పేర్ల భారము మోయుచున్న మా బిడ్డలకు ధైర్యమును, మా దేశపు అధికారులకు న్యాయబుద్ధిని దయచేయుము. మా పేర్లన్నియు గొఱ్ఱెపిల్ల జీవగ్రంథమందు కనబడునట్లు, మంచి ఫలములు ఫలించు చెట్లుగా మమ్మును కాపాడుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.